మెడ కింద చచ్చుబడిన చేతికి మెదడులో ఇంప్లాంట్: సబబేనా, తొందరా?

బయోసిగ్నల్: సబబే అంటాను. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన క్లీవ్‌లాండ్ కేసు చూడండి: మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని చెయ్యి చచ్చుబడిన మనిషి. కదలికల్ని నడిపే మెదడు భాగంలో (మోటార్ కార్టెక్స్) 96 చానెళ్ల అరేలు, అంటే సంకేతాలు పట్టే సూది ఎలక్ట్రోడ్ల పలకలు, రెండు; కుడిచేతి కండరాల్లోకి చర్మం గుండా దించిన 36 ఎలక్ట్రోడ్లు. ఆ మనిషి కప్పు అందుకుని కాఫీ తాగాడు. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు కలిసి కదలాలంటే నోటి స్విచ్‌తో అయ్యే పనేనా?

రీహాబ్_పద్మ: కాఫీ సరే, ఆ చేతిని గాల్లో నిలబెట్టిందెవరు? మోటారున్న ఆర్మ్ సపోర్ట్. స్టిమ్యులేషన్‌కి, అంటే కండరానికిచ్చే కరెంటుకి, భుజం కండరాలు బరువు మోయలేకపోయాయి. అసలు చిక్కు అక్కడే ఉంది, మెదడు సంకేతాన్ని చదివే డీకోడర్‌లో కాదు. బయటి నుంచి కరెంటిస్తే లావు నరాల పోగులు ముందు లేస్తాయి, త్వరగా అలిసే కండరాన్ని లాగేవి అవే. మన ఒళ్లు చేసేది తద్విరుద్ధం. 40 హెర్ట్జ్‌లో (సెకనుకి 40 పల్స్‌లు) నడిపితే పట్టు త్వరగా సడలుతుంది. 20కి దించితే కాసేపు ఆగుతుంది గానీ చెయ్యి వణుకుతుంది.

ఇంకోటి. గాయమైన చోటే మోటార్ న్యూరాన్లు (వెన్నుపాము నుంచి కండరాన్ని కదిలించే నరకణాలు) పోతే కండరం డినర్వేట్ అయిపోతుంది, అంటే దానికి నరంతో సంబంధం తెగిపోతుంది. చర్మం మీద 300 మైక్రోసెకన్ల పల్స్‌కి ఉలుకూ పలుకూ లేకుండా, 100 మిల్లీసెకన్ల పల్స్‌కి మాత్రం మెల్లగా ముడుచుకుంటే అదే అనుమానించాలి. పుర్రె జోలికెళ్లే ముందు ఒక్కో కండరానికీ ఈ పరీక్ష జరగాలి.

బయోసిగ్నల్: పరీక్ష ఒప్పుకుంటా. కానీ కండరాన్ని నేరుగా కొట్టడమొక్కటే దారి కాదుగా. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందం (నేచర్ పత్రిక, 2023) మెదడు పొర బయట 64 ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్లు రెండు పెట్టి, ఆ సంకేతంతో నడుము దగ్గరి వెన్నుపాము స్టిమ్యులేటర్‌ని నడిపింది. మనిషి నడిచాడు.

న్యూరోకత్తెర: నడిచాడు. ఆయనది పూర్తిగా తెగిన గాయం కాదన్నది మాత్రం అందరూ మింగేస్తారు! అంతకుముందే వెన్నుపాము స్టిమ్యులేషన్‌తో శిక్షణ పొందినవాడు కూడా. పైగా ఇన్ఫెక్షన్ వచ్చి ఒకవైపు ఇంప్లాంట్ తీసేయాల్సి వచ్చింది.

బయోసిగ్నల్: ఒక్క కేసుతో తేల్చేస్తే ఎలాగండీ? మెదడు ఇంప్లాంట్లని మనుషుల్లో పరీక్షించే బ్రెయిన్‌గేట్ ట్రయల్ 2023 లెక్కల్లో 14 మంది, మొత్తం 12,203 ఇంప్లాంట్ రోజులు. పరికరం వల్ల మరణం గానీ శాశ్వత వైకల్యం గానీ లేవు.

న్యూరోకత్తెర: అదే లెక్కల్లో ఎక్కువగా కనిపించిన ఇబ్బంది ఏది? తల మీద బయటికి పొడుచుకొచ్చే కనెక్టర్ చుట్టూ చర్మం రేగడం. అంటే రోజూ శుభ్రం చేయడానికి ఇంట్లో ఓ మనిషి ఉండాలి.

సీ6 (మెడలో ఆరో వెన్నుపాము స్థాయి) కింద గాయమై, బ్రాకియోరేడియాలిస్ అనే ముంజేతి కండరం బలం 5కి గ్రేడ్ 4 ఉంటే, దాని టెండన్‌ని (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) బొటనవేలు వంచే టెండన్‌కి కుట్టొచ్చు. కొన్ని వారాల కట్టు, తర్వాత ఫిజియో. తాళంచెవి పట్టుకునేంత పట్టు వస్తుంది. బ్యాటరీ లేదు, పరికరాన్ని మళ్లీ మళ్లీ సరిచేసే కేలిబ్రేషన్ లేదు.

రీహాబ్_పద్మ: గాయం ఇంకా పైన ఉన్న సీ4 వాళ్లకి అలా మార్చడానికి మిగిలే కండరమే ఉండదు కదా డాక్టరుగారూ. నా అభ్యంతరం వాళ్ల విషయంలో కాదు. సీ6 వాళ్లని ముందు మెదడు ఇంప్లాంట్ ట్రయల్‌కి పంపి, టెండన్ సర్జరీ సంగతి తర్వాత చెప్పడం మీద.