క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం తర్వాతి కళ: ఏవి చూడాలి?

సంచారి:
వచ్చే నెల న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు రోజులుంటాం. భూకంపం తర్వాత వేసిన గోడబొమ్మలు చాలా ఉన్నాయట కదా, ఏవి తప్పక చూడాలి? మనుషులు పోయిన చోట ఫొటోలు తీస్తే అక్కడివాళ్లు ఏమైనా అనుకుంటారా?

ఏవన్‌గట్టు:
ఊరిని మళ్లీ కట్టే పనికే వచ్చి ఇక్కడ ఉండిపోయాను. పాత ఫొటోలు పట్టుకుని మాత్రం వెతక్కండి. 2011 ఫిబ్రవరి 22 భూకంపం తర్వాత నడిబొడ్డున చాలా భవనాలు కూల్చేశారు. అలా బయటపడ్డ పక్కగోడల మీద వేసిన బొమ్మలు చాలా ఉన్నాయి. ఆ ఖాళీలో కొత్త భవనం లేస్తే బొమ్మ కనబడదు. మా సైటు పక్కన ఒకటి అలాగే పోయింది. నాకేం బాధ అనిపించలేదు. ఖాళీలు నింపడానికే కదా మేం వచ్చింది!

నాకు బాగా నచ్చింది గ్యాప్ ఫిల్లర్ అనే బృందం 2012లో ఖాళీ స్థలంలో పెట్టిన డాన్స్ ఫ్లోరు. లాండ్రీలో ఉండే పాత వాషింగ్ మెషిన్‌లో రెండు డాలర్ల నాణెం వేసి, ఫోన్ తగిలిస్తే పాట మోగేది. అక్కడ మన పాటలకీ గంతులేశాం.

పోయినవాళ్లు 185 మంది. పీటర్ మజెండీ అనే కళాకారుడు మనిషికొకటి చొప్పున 185 కుర్చీలకు తెల్లరంగు వేసి వరసగా పెట్టారు. వాటిలో చక్రాల కుర్చీ ఉంది, పసిపిల్లల సీటూ ఉంది. ఫొటో తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. నవ్వుతూ సెల్ఫీలు మాత్రం వద్దు.

పాతకాపు:
ఇళ్లు లేని జనానికి డాన్స్ ఫ్లోరా? ఆ డబ్బు ఇళ్లకి పెట్టాల్సింది.

ఏవన్‌గట్టు:
ఆ ఫ్లోరు ఖర్చుతో ఇల్లు లేవదండీ. ఇళ్లు ఆగింది ఎక్కువగా ఇన్సూరెన్స్ తగాదాల దగ్గర. మీ కోపం నాకూ తెలుసు. 2015లో ఆర్ట్ గ్యాలరీ గోడ మీద 'అంతా బాగవుతుంది' అనే అర్థంతో కళాకారుడు మార్టిన్ క్రీడ్ చేసిన నియాన్ అక్షరాలు వెలిగాయి. అప్పటికి నా ఫైలు ఇంకా తేలలేదు. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. శిల్పి మైకేల్ పారెకోవాయ్ చేసిన, పియానో మీద నిలబడ్డ ఎద్దు శిల్పం సంగతి వేరు. 2012లో మాడ్రస్ స్ట్రీట్‌లో ఖాళీ జాగాలో పెడితే జనం విరగబడి చూశారు. తర్వాత గ్యాలరీ కోసం చందాలేసి మరీ కొన్నారు. ఇది కావాలని జనమే అడిగినట్టు కదా.

సంచారి:
పిల్లలతో వస్తున్నాం. ఒక్కపూటే దొరికితే?

ఏవన్‌గట్టు:
గ్యాలరీ, తర్వాత జపాన్ ఆర్కిటెక్ట్ షిగేరు బాన్ అట్ట గొట్టాలతో కట్టిన చర్చి. గ్యాలరీకి టికెట్ లేదు. కుర్చీలు ఇప్పుడు ఎక్కడున్నాయో వచ్చేముందు ఒకసారి చూసుకోండి.