సౌతాల్, హేస్, హారో: 1960, 70లలో అక్కడ పెరిగిన తెలుగువారి జ్ఞాపకాలు (చర్చ)

హేస్_నివాసి:
అందరికీ నమస్కారం. మేము పశ్చిమ లండన్‌లోని హేస్‌కు వచ్చి స్థిరపడ్డాము. మా అమ్మాయికి బడిలో స్థానిక చరిత్ర గురించి రాసుకు రమ్మని చెప్పారు. సౌతాల్ రైల్వే స్టేషను పక్కన ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట గ్యాసు కర్మాగారం ఉండేదని, ఇక్కడి కాలువ ఒడ్డున నెస్లే వారి కర్మాగారం 2014 వరకు నడిచిందని మాత్రం తెలిసింది. 1960, 70లలో సౌతాల్, హేస్, హారో, వెంబ్లీ ప్రాంతాల్లో పెరిగినవారు ఏ వీధిలో ఉండేవారు, ఏ బడికి వెళ్ళేవారు, చలికాలంలో ఇల్లు ఎలా వెచ్చబెట్టుకునేవారు, మన సరుకులు ఎక్కడ దొరికేవి, పండుగలకు తెలుగు కుటుంబాలు ఎక్కడ కలుసుకునేవి అనే సంగతులు రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. పాత ఫొటోలుంటే మరీ సంతోషం.

గుంటూరు_డాక్టరుగారబ్బాయి:
మా నాన్నగారు గుంటూరులో వైద్యవిద్య పూర్తిచేసి, 1960లలో ఇంగ్లండు ఆసుపత్రుల్లో ఉద్యోగానికి వెళ్ళినవారిలో ఒకరు. ఆరు నెలలకో, ఏడాదికో ఆసుపత్రి మారేవారు కాబట్టి మా బాల్యమంతా పెట్టెలు సర్దడంలోనే గడిచింది. చివరికి సౌతాల్‌లో ఒక ఇంటి పైభాగం అద్దెకు తీసుకున్నాము. అక్కడ మెట్ల కింద నాణేల మీటరు ఉండేది. షిల్లింగు వేస్తేనే గ్యాసు వచ్చేది. పొయ్యి మీద పప్పు సగం ఉడికేసరికి మంట నీలంగా కుంచించుకుపోతే, అమ్మ తన పర్సు వెతుక్కుంటూ, నన్ను వీధి చివరి దుకాణానికి చిల్లర కోసం పరుగెత్తించేది. 1971 ఫిబ్రవరి 15న దశాంశ నాణేలు వచ్చినప్పుడు చుట్టుపక్కల ముసలివాళ్ళందరూ కంగారుపడ్డారు గానీ మా ఇంట్లో ఎవరూ చలించలేదు. మన దేశంలో 1957లోనే అణాలు పోయి నయాపైసలు రావడం మా అమ్మానాన్నలు కళ్ళారా చూసినవారే. కొత్త అయిదు పెన్నీల నాణెం పాత షిల్లింగంతే ఉండడంతో మీటరు కూడా మార్చవలసిన అవసరం రాలేదు.

ఇక తిండి సంగతి. గోంగూర ఊసే లేని ఆ రోజుల్లో అమ్మ రూబార్బ్ అనే మొక్క పుల్లని కాడలతో పప్పు చేసేది. ఆ పులుపుకు గోంగూర పప్పే తిన్నట్టుండేది. పుల్లని బ్రామ్లీ ఆపిల్ ముక్కలు కోసి, ఆవపిండి, కారం, నూనె కలిపి ఆవకాయ పెట్టేది. అది తిన్న రోజున ఇంగ్లండులో ఉన్నామనే బాధ మాకు ఉండేది కాదు.

కాకినాడ_కోడలు:
బాబూ, రూబార్బ్ పేరెత్తావు కాబట్టి వెంటనే రాస్తున్నాను. గోంగూర అనగానే మనవాళ్ళకు ఆకులే గుర్తుకొస్తాయి. రూబార్బ్ ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది, అవి విషం. ఎర్రని కాడలు మాత్రమే వాడాలి. ఇలాంటి మాట రాసేటప్పుడు ఆ సంగతి కూడా రాయకపోతే, ఏ కొత్త కోడలో పెరట్లోని ఆకులు కోసి పప్పులో వేస్తుంది. కందిపప్పు, చింతపండు, ఇంగువ కావాలంటే మేము యూస్టన్ స్టేషను దగ్గరి డ్రమండ్ వీధికి వెళ్ళేవాళ్ళము. సౌతాల్‌లో పంజాబీ దుకాణాలు పెరిగాక ఆ తిప్పలు తప్పాయి గానీ, మన సన్నబియ్యం, కరివేపాకు మాత్రం చాలాకాలం దొరకలేదు.

గుంటూరు_డాక్టరుగారబ్బాయి:
అమ్మా, నేను ఆకులని ఎక్కడా రాయలేదు. మా ఇంట్లో వైద్యుడున్నాడు, ఏది తినాలో ఏది తినకూడదో మాకు తెలుసు.

హారో_ఆడపడుచు:
గ్యాసు కర్మాగారం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మాది సౌత్ హారో. మా పడకగది కిటికీలోంచి చూస్తే ఇళ్ళ కప్పుల మీదుగా గుండ్రని గ్యాసోమీటరు, అంటే గ్యాసు నిలవచేసే పెద్ద ట్యాంకు, కనిపించేది. దాని మీద పెద్ద తెల్లని అక్షరాలతో ‘ఎన్ ఓ’ అని రాసి ఉండేది. చిన్నప్పుడు దాన్ని చూసి ‘నో’ అని చదువుకుని, అటువైపు వెళ్ళకూడదని మాకు ఎవరో చెబుతున్నారని నమ్మేవాళ్ళము. అది నార్త్‌హోల్ట్ విమానాశ్రయానికి గుర్తు అని పెద్దయ్యాక తెలిసింది. 1980లలో ఆ గ్యాసోమీటరును పడగొట్టారు. హేస్_నివాసి గారు అడిగిన సౌతాల్‌లో కూడా అవే అక్షరాలుండేవని మా అన్నయ్య చెబుతాడు.

సౌతాల్_పాతకాపు:
మీ అన్నయ్య పొరపడ్డారు. సౌతాల్ గ్యాసోమీటరు మీద ఉన్నవి ‘ఎల్ హెచ్’ (లండన్ హీత్రూ) అనే అక్షరాలు, పక్కన బాణం గుర్తు. నేను ఆ నీడలోనే క్రికెట్ ఆడి పెరిగాను. ఆ అక్షరాలు రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ విమానాలకు దారి చూపడానికి రాశారని మా పక్కింటి తాతగారు చెప్పేవారు. ఆయన ఆ కర్మాగారంలోనే బొగ్గు పని చేసిన మనిషి.

రన్‌వే_ఇరవైమూడు:
ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకుంది. ఉద్యోగ జీవితమంతా విమానాల రాకపోకల నియంత్రణలోనే గడిపాను. యుద్ధకాలపు కథ నిలవదు. శత్రువులకు దారి తెలుస్తుందని 1940లో ఇంగ్లండులో రోడ్ల మీది ఊరి పేర్ల పలకలనే పీకి దాచిన ప్రభుత్వం, గ్యాసు ట్యాంకు మీద ఆకాశంలోకి కనబడేలా అక్షరాలు రాస్తుందా? పైగా హీత్రూ పౌర విమానాశ్రయంగా మొదలైంది 1946లో.

అసలు కారణం ఇది. నార్త్‌హోల్ట్ హీత్రూకు ఉత్తరాన ఆరు మైళ్ళ దూరంలోనే ఉంది. ఈశాన్యం నుంచి హీత్రూలోని 23 నంబరు రన్‌వే మీదికి దిగేవారికి దారిలో సౌతాల్ గ్యాసోమీటరు కనిపించేది. నార్త్‌హోల్ట్‌కు దిగేవారికి సౌత్ హారో గ్యాసోమీటరు కనిపించేది. రెండు రన్‌వేల దిశ కూడా దాదాపు ఒకటే. పరికరాల మీద కాకుండా కంటితో చూసి దిగేవారు పొరపడడానికి ఇంతకంటే ఏం కావాలి? 1960 అక్టోబరులో పాన్ అమెరికన్ సంస్థ బోయింగ్ 707 విమానం హీత్రూ అనుకుని నార్త్‌హోల్ట్‌లో దిగింది. అంత పెద్ద జెట్ విమానానికి ఆ రన్‌వే చాలా చిన్నది, బరువు తగ్గిస్తే గాని తిరిగి ఎగరలేకపోయింది. ఆ కాలపు పొరపాట్ల మూలంగానే ఒక ట్యాంకు మీద ‘ఎన్ ఓ’, మరొక దాని మీద ‘ఎల్ హెచ్’ రాశారు. ఇద్దరూ చూసింది నిజమే, కానీ వేర్వేరు ట్యాంకులు. ఆ 23 నంబరు రన్‌వేను తరువాత మూసివేశారు.

సౌతాల్_పాతకాపు:
మీ ఉద్యోగం మీద నాకు గౌరవం ఉంది. అయితే కర్మాగారంలో పని చేసిన మనిషి మాటను ఒక్క వాక్యంతో కొట్టిపారేయడం పద్ధతి కాదు. ఆ అక్షరాలకు ముందు అదే చోట వేరే గుర్తు ఉండి ఉండవచ్చు కదా. పైనుంచి చూసినవారికి కనిపించేది వేరు, కింద బతికినవారికి తెలిసేది వేరు.

రన్‌వే_ఇరవైమూడు:
ఉండి ఉండవచ్చు అన్న మాట చరిత్ర కాదు. ఒక పిల్ల బడిలో రాసుకోవడానికి అడుగుతోంది. ఆమె చేత తప్పు రాయించకండి.

హారో_ఆడపడుచు:
మా అన్నయ్య పొరపడ్డాడని అందరిముందూ తీర్పు చెప్పిన పాతకాపు గారు, తన మాట ఎవరైనా కాదంటే మాత్రం పద్ధతి గుర్తుచేస్తున్నారు. దయచేసి అందరికీ ఒకటే న్యాయం పాటించండి.

బస్సెక్కిన_పిల్ల:
ఇన్ని సమాధానాలు వచ్చాయి, ‘ఏ బడికి వెళ్ళేవారు’ అన్న ప్రశ్నను మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు. నేను రాస్తాను. సౌతాల్‌లో మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో బడి ఉన్నా, నన్ను అందులో చేర్చుకోలేదు. బడుల్లో మన దేశపు పిల్లలు ఎక్కువైపోతున్నారని 1963లో కొందరు తెల్లవారి తల్లిదండ్రులు ఆందోళన చేశారు. అప్పటి విద్యాశాఖ మంత్రి ఎడ్వర్డ్ బాయిల్ సౌతాల్‌కు వచ్చి వారితో మాట్లాడారు. ఏ బడిలోనూ వలస వచ్చినవారి పిల్లలు మూడో వంతుకు మించకూడదని 1965లో ప్రభుత్వమే అన్ని ప్రాంతాల విద్యాధికారులకు సూచించింది. మిగిలినవారిని బస్సుల్లో ఎక్కించి దూరపు బడులకు పంపేవారు. తెల్లపిల్లలను మాత్రం ఎవరూ ఎటూ పంపలేదు.

చలికాలంలో ఇంకా చీకటి విడవకముందే వీధి మూల మీద బస్సు కోసం నిలబడేవాళ్ళము. సాయంత్రం ఆ బస్సు తప్పితే ఇల్లు చేరే దారి లేదు కాబట్టి, బడి అయ్యాక ఆటలకు గానీ సంగీతానికి గానీ ఆగడానికి వీలుండేది కాదు. మా అమ్మకు ఇంగ్లీషు అంతగా రాదు, రెండు బస్సులు మారి టీచరుతో మాట్లాడడానికి వచ్చే ధైర్యం లేదు. ఆ బడి పిల్లలు మమ్మల్ని ‘బస్సు పిల్లలు’ అనేవారు. ఈ పద్ధతి 1970ల చివరలో తగ్గుతూ వచ్చి, 1980ల మొదటికి పోయింది. గ్యాసు ట్యాంకు మీది రెండు అక్షరాల గురించి ఇంతసేపు కోపతాపాలు పడగలిగినవారు, అదే ఊళ్ళో చిన్నపిల్లలకు రంగును బట్టి బడి కేటాయించిన సంగతిని మాట మాత్రమైనా తలచుకోకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది.

కాకినాడ_కోడలు:
తల్లీ, నువ్వు రాసింది నిజం. మా పెద్దవాణ్ణి కూడా అలాగే పంపారు. అప్పట్లో మేము నోరు మెదపలేదు. అద్దెకు ఇల్లు దొరకడమే గొప్ప అనుకునే రోజులు అవి. అయితే నోరెత్తినవారూ ఉన్నారు. హేస్ వంతెన దగ్గరి ఊల్ఫ్ రబ్బరు కర్మాగారంలో ఎక్కువమంది పంజాబీలే పనిచేసేవారు. వారు 1965లో సమ్మె చేశారు. 1979 ఏప్రిల్ 23న, వలస వచ్చినవారిని వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ పార్టీ వాళ్ళు సౌతాల్ టౌన్ హాలులో సభ పెడితే ఊరంతా కదిలివచ్చింది. ఆ రోజు పోలీసుల దెబ్బలకు న్యూజీలాండు నుంచి వచ్చిన బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు ప్రాణాలు కోల్పోయాడు. ఇప్పుడు సౌతాల్‌లో ఆయన పేరు మీద ప్రాథమిక పాఠశాల ఉంది. మీ అమ్మాయి చేత ఆ పేరు తప్పకుండా రాయించండి.

ఎర్రబస్సు_అభిమాని:
బస్సుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. లండన్ ఎర్రని రెండంతస్తుల బస్సు అనగానే అందరికీ గుర్తొచ్చే రూట్‌మాస్టర్‌కు సౌతాలే పుట్టినిల్లు. విండ్‌మిల్ లేన్ పక్కనున్న ఏ ఈ సీ కర్మాగారంలో తయారైంది. 1968 వరకు ఆ బస్సులు తయారయ్యాయి, 1979లో కర్మాగారం మూతపడింది. మా పెదనాన్నగారు అక్కడ ఫిట్టరు. ఇంజను పరీక్షించే గదిలోంచి ఇంటికి వచ్చినప్పుడు ఆయన చొక్కాకు డీజిల్ వాసన ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు మీద 1960 నవంబరు వరకు 607 నంబరు ట్రాలీబస్సు, ఆ తరువాత దాని స్థానంలో 207 నంబరు బస్సు నడిచాయి.

రన్‌వే_ఇరవైమూడు:
పుట్టినిల్లు అని పూర్తిగా అనలేము. సౌతాల్‌లో తయారైనవి ఇంజను, యంత్రభాగాలు. బస్సు బాడీ కట్టింది పార్క్ రాయల్‌లో.

ఎర్రబస్సు_అభిమాని:
బాడీ ఎక్కడ కడితేనేం, గుండె ఎక్కడ తయారైందో అదే పుట్టిల్లు. మా పెదనాన్నగారి చేతి పనిని తక్కువ చేయడానికి నేను ఒప్పుకోను. విమానాల సంగతి మీకు తెలుసు, బస్సుల సంగతి మాకు వదిలేయండి.

నిర్వాహకులు:
సభ్యులు ఒకరినొకరు తగ్గించి మాట్లాడకుండా విషయం మీదే రాయవలసిందిగా మనవి. బడి బస్సుల గురించి వచ్చిన వ్యాఖ్యను అందరూ ఒకసారి నిదానంగా చదవండి. అటువంటి అనుభవం ఉన్నవారు ఇంకా ఎవరైనా ఉంటే రాయండి.

హేస్_నివాసి:
అందరికీ కృతజ్ఞతలు. బస్సెక్కిన_పిల్ల గారూ, మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. తను ఇప్పుడు గ్యాసోమీటరును పక్కనపెట్టి బడి బస్సుల గురించే రాస్తానంటోంది. మీరు వెళ్ళిన బడి ఏ వైపు ఉండేదో, బస్సులో పెద్దవాళ్ళెవరైనా తోడు ఉండేవారో చెప్పగలరా? హేస్ గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు. పండుగల సంగతి కూడా అలాగే మిగిలిపోయింది.

గుంటూరు_డాక్టరుగారబ్బాయి:
పండుగలకు ప్రత్యేకంగా ఒక చోటంటూ ఉండేది కాదు. ఏ డాక్టరుగారి ఇంట్లో ముందుగది పెద్దదైతే అక్కడే ఉగాది, అక్కడే సంక్రాంతి. అదీ ఆ రోజున కాదు, దగ్గరలో వచ్చే ఆదివారం నాడు. మగవాళ్ళు ఒక గదిలో ఆసుపత్రి ఉద్యోగాల ప్రకటనలు చదువుకునేవారు. ఆడవాళ్ళు వంటింట్లో. పిల్లలం మెట్ల మీద. వేపపువ్వు దొరక్క చేదు కోసం ద్రాక్షకాయంత కూడా తీపి లేని గ్రేప్‌ఫ్రూట్ తొన ఉగాది పచ్చడిలో వేసేవారు.

రికార్డుల_పిచ్చి:
హేస్ గురించి నేను చెబుతాను. బ్లైత్ రోడ్డులోని గ్రామఫోన్ కంపెనీ కర్మాగారానికి 1907లో శంకుస్థాపన చేసింది నెల్లీ మెల్బా అనే ప్రఖ్యాత గాయని. తరువాత ఆ సంస్థే ఇ ఎం ఐ అయింది. బీటిల్స్ రికార్డులు అచ్చయింది అక్కడే. మన ఇళ్ళలో పాత తెలుగు పాటల రికార్డుల మీద కనిపించే కుక్క బొమ్మ కూడా ఆ సంస్థదే. మన రికార్డులు అచ్చయింది కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో, వాటికి మూల సంస్థ హేస్‌లోది. మా బాబాయి రాత్రి షిఫ్టులో అచ్చుయంత్రం దగ్గర పనిచేసేవారు. నల్లని ముద్దను రెండు వేడి పలకల మధ్య పెట్టి నొక్కి, అంచు కత్తిరించి, చల్లారాక ఒక్కొక్కదాన్ని వెలుతురుకు ఎత్తి గీతలున్నాయేమో చూడడం ఆయన పని. హేస్_నివాసి గారూ, ఆ కట్టడాల్లో కొన్ని ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. మీ అమ్మాయిని తీసుకుని స్టేషను నుంచి నడిచే వెళ్ళవచ్చు.

బస్సెక్కిన_పిల్ల:
హేస్_నివాసి గారికి: మా బడి ఈలింగ్ దాటాక ఉండేది, దాని పేరు ఇక్కడ రాయను. బస్సులో తోడుగా ఒక ఆవిడ వచ్చేవారు. ఆమె మా పేర్లు పిలవకుండా తలలు లెక్కపెట్టుకునేవారు. మీ అమ్మాయికి ఇంకేమి కావాలన్నా ఇక్కడే అడగమనండి, తనకు నేనే స్వయంగా సమాధానం రాస్తాను.