బోర్డు బూట్ కాకపోతే ఫర్మ్‌వేర్ రీసెట్ ముందా, చివరా?

ల్యాబ్‌బెంచ్
మా పాలిటెక్నిక్ ల్యాబ్‌లో రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) ఉన్నాయి. సెలవుల తర్వాత ల్యాబ్ తెరిస్తే ఒకటి బూట్ అవడం లేదు. ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతోంది. దాంట్లోని ఎస్‌డీ కార్డు తీసి పక్క బోర్డులో పెడితే చక్కగా పనిచేస్తోంది. మా సీనియర్ సార్ "బూట్‌లోడర్‌ని (బోర్డు ఆన్ అవగానే సిస్టమ్‌ని లేపే ఫర్మ్‌వేర్) ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి తెచ్చేయండి, పనిలో పనిగా అన్ని బోర్డులకూ చేసేయండి" అంటున్నారు. ఇంకో మేడమ్ మాత్రం ఆ బూట్‌లోడర్ ఉండే ఈఈప్రామ్ చిప్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, అన్నీ చూశాక ఏమీ తేలకపోతే అప్పుడు చేద్దాం అంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. మీరైతే రీసెట్ ముందు చేస్తారా, చివర్లో చేస్తారా? ఎందుకు?

సర్వీస్‌బెంచ్_సికింద్రాబాద్
ముందే చేస్తాను. నా బెంచ్ మీదకి వచ్చే బోర్డులో ఎవరు ఏం మార్చారో నాకు తెలియదు, తెచ్చినవాళ్లకీ చాలాసార్లు తెలియదు. అలాంటప్పుడు తెలిసిన స్థితికి తెచ్చుకుని, అక్కడి నుంచి వెతకడమే తేలిక.

పై 4లో భయపడాల్సింది కూడా లేదు. బూట్‌లోడర్ 512 కేబీ ఈఈప్రామ్ చిప్‌లో ఉంటుంది. దానికంటే ముందు నడిచే కోడ్ ప్రాసెసర్ లోపలి రోమ్‌లో ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. ఆ రోమ్ ముందుగా ఎస్‌డీ కార్డులో రికవరీ ఫైల్ ఉందా అని చూస్తుంది. కాబట్టి ఈఈప్రామ్ మొత్తం పాడైనా బోర్డు మళ్లీ లేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ తెరిచి, మిస్ యుటిలిటీ ఇమేజెస్‌లో బూట్‌లోడర్, అందులో ఎస్‌డీ కార్డ్ బూట్ ఎంచుకుని ఒక ఖాళీ కార్డు మీద రాయండి. కార్డు బోర్డులో పెట్టి పవర్ ఇవ్వండి. ఆకుపచ్చ ఎల్‌ఈడీ ఆగకుండా వేగంగా మెరిసి, పవర్ పక్కనున్న హెచ్‌డీఎమ్‌ఐకి తగిలించిన స్క్రీన్ పూర్తిగా ఆకుపచ్చగా మారితే పని అయిపోయినట్టే. ఎర్రగా మారితే ఫెయిల్. సీరియల్ నంబర్, మ్యాక్ అడ్రస్ ఓటీపీ (ఒక్కసారే రాయగల) మెమరీలో ఉంటాయి, వాటికి ఏమీ కాదు. ఇంత తేలికైన పనిని చివరిదాకా ఎందుకు వాయిదా వేయాలి?

కరెంటు_ముందు
అన్నా, రెండూ కాదు. ముందు అడాప్టర్ మార్చి చూడమనండి. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. ఫోన్ ఛార్జర్‌కి సన్నటి కేబుల్ తగిలించి నడిపే ల్యాబ్‌లు బోలెడు. వోల్టేజీ 4.63 కంటే కిందికి పడితే బోర్డు దాన్ని తక్కువ వోల్టేజీగా లెక్కిస్తుంది, ఎర్ర ఎల్‌ఈడీ కూడా ఆరిపోవడమో రెపరెపలాడడమో చేస్తుంది. బూట్ అయ్యే బోర్డులో అయితే వీసీజెన్‌కమాండ్‌తో (బోర్డు స్థితి చెప్పే కమాండ్) గెట్ థ్రాటిల్డ్ అడగండి. 0 వస్తే పర్లేదు. 0ఎక్స్50005 వస్తే ఇప్పుడూ వోల్టేజీ తక్కువే, ఇంతకుముందూ తక్కువైంది అని అర్థం.

పై 5లో ఇది ఇంకా ముఖ్యం. 5 ఆంపియర్ల అడాప్టర్ లేకపోతే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీకి అది చాలక బూట్ ఆగిపోతే జనం బూట్‌లోడర్‌ని రీసెట్ చేస్తూ కూర్చుంటారు.

ల్యాబ్‌బెంచ్
బాగా పనిచేస్తున్న బోర్డు అడాప్టర్‌నే పెట్టి చూశాం అన్నా. తేడా లేదు. ఎర్ర ఎల్‌ఈడీ కూడా నిలకడగానే ఉంది.

సీరియల్‌కన్సోల్
ల్యాబ్‌బెంచ్ గారూ, దయచేసి ఇప్పుడే ఏమీ చెరపకండి. ఆ బోర్డుకి మానిటర్ తగిలించి, కార్డుతోనే ఆన్ చేసి, కొన్ని సెకన్లు ఆగండి. బూట్ కాకపోతే పై 4 బూట్‌లోడర్ తనంతట తానే ఒక డయాగ్నస్టిక్ స్క్రీన్ చూపిస్తుంది. అందులో బూట్ అనే వరుసలో మోడ్, ఆర్డర్ అని ఉంటాయి. దాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. ఆకుపచ్చ ఎల్‌ఈడీ ఎన్నిసార్లు మెరుస్తోందో కూడా లెక్కపెట్టండి. 4 చిన్న మెరుపులు వస్తే స్టార్ట్ ఫైల్ దొరకలేదని, 7 వస్తే కెర్నల్ దొరకలేదని. 8 వస్తే ఎస్‌డీర్యామ్ (బోర్డు మీది మెమరీ చిప్, ఎస్‌డీ కార్డు కాదు) దెబ్బతిన్నదని, దాన్ని ఏ రీసెట్టూ బాగుచేయదు.

సర్వీస్‌బెంచ్ గారు చెప్పిన పద్ధతిలో తప్పు లేదు, బోర్డు పాడవదన్నదీ నిజమే. నా అభ్యంతరం వేరు. రీసెట్ చేస్తే లోపం పోవచ్చు, దాంతోపాటు ఆ లోపం ఏమిటో చెప్పే ఒకే ఒక్క ఆధారమూ పోతుంది. రేపు ఇంకో బోర్డు అలాగే ఆగితే మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.

పైగా ఈ అలవాటు పై 4తో ఆగదు. యూబూట్ (ఇంకో రకం బూట్‌లోడర్) నడిచే బోర్డుల్లో కొన్నిటికి మ్యాక్ అడ్రస్ ఎన్విరాన్‌మెంట్‌లోనే, అంటే దాని సెట్టింగ్స్ జాబితాలోనే ఉంటుంది. ఫ్లాష్‌లో ఆ భాగాన్ని చెరిపేస్తే నెట్‌వర్క్ గుర్తింపే పోతుంది. ఎన్వ్ డిఫాల్ట్, సేవ్ ఎన్వ్ (రీసెట్ చేసి భద్రపరిచే కమాండ్లు) కొట్టే ముందు ప్రింట్ ఎన్వ్ (ఉన్నవి చూపే కమాండ్) ఇచ్చి, వచ్చిందంతా ఒక ఫైల్లో దాచుకోవడానికి నిమిషం కూడా పట్టదు. అసలు రీసెట్టే లేని సెట్టింగ్స్ కూడా ఉన్నాయి. పై 3బీలో యూఎస్‌బీ బూట్ కోసం ఓటీపీలో ఒక బిట్ రాస్తాం. అది ఒకసారి పడితే మళ్లీ వెనక్కి రాదు. కాబట్టి ఏ సెట్టింగ్ ఎక్కడ నిల్వ ఉంటుందో తెలుసుకున్నాకే రీసెట్ మాట ఎత్తాలి.

చెరువుగట్టు_నోడ్
నేను భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర మానిటరింగ్ బాక్సులు చూసుకుంటాను. అవి ఎక్స్86 (పీసీ తరహా) ఇండస్ట్రియల్ బోర్డులు, పై కాదు. అయినా ఈ చర్చకి సంబంధం ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఒక చోట బోర్డు స్లోగా ఉందని టెక్నీషియన్ వచ్చి సీఆర్2032 బ్యాటరీ తీసి, సీమాస్ క్లియర్ చేసి (అంటే బోర్డు ఫర్మ్‌వేర్ అయిన బయాస్ సెట్టింగ్స్ చెరిపి) వెళ్లాడు. ఆయన ఉన్నంతసేపూ అంతా బాగానే నడిచింది. రాత్రి కరెంటు పోయి వచ్చింది. బోర్డు మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోయింది. కరెంటు పోయి వస్తే దానంతట అదే ఆన్ అవ్వాలి అనే బయాస్ సెట్టింగ్, రీసెట్‌తో ఫ్యాక్టరీ విలువకి, అంటే ఆఫ్‌కి వెళ్లిపోయింది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఫోన్‌కి వచ్చే అలర్ట్ ఆ రాత్రి రాలేదు. కాపలా మనిషి చూసి ఏరేటర్లు వేశాడు కాబట్టి సరిపోయింది.

మన ఊళ్లలో కరెంటు పోయి రావడం మామూలే. రీసెట్ చేసేవాళ్లు ఆ ఒక్క సెట్టింగ్ మళ్లీ పెట్టకుండా వెళ్లిపోతే, బోర్డు పాడైనదానికంటే నష్టం ఎక్కువ. తేదీ కూడా వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని బోర్డే కనెక్షన్‌ని తిరస్కరిస్తుంది. అప్పుడు అందరూ నెట్‌వర్క్ లోపం అనుకుంటారు.

సర్వీస్‌బెంచ్_సికింద్రాబాద్
చెరువుగట్టు గారూ, మీరు చెప్పింది తీసుకుంటున్నాను. సైట్‌లో నడుస్తున్న బోర్డు వేరు, బెంచ్ మీద ఆగిపోయిన బోర్డు వేరు. నడుస్తున్నదాన్ని నేనూ ముట్టుకోను. కానీ స్క్రీనే రాని బోర్డులో ఏ సెట్టింగ్ రాసుకుంటారు? చదవడానికి ఏమీ లేనప్పుడు రీసెట్టే మొదటి పరీక్ష. దాంతో లేస్తే లోపం సెట్టింగ్స్‌లో ఉందని తేలింది, లేవకపోతే హార్డ్‌వేర్ అని తేలింది. అది కూడా ఆధారమే.

సీరియల్‌కన్సోల్
లేవకపోతే హార్డ్‌వేర్ అని తేలదు. కొన్ని యూఈఎఫ్‌ఐ (బయాస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) బోర్డుల్లో సెట్టింగ్స్ ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి, బ్యాటరీ తీసినా పోవు. రీసెట్ అయిందనుకుంటాం, అవ్వదు. కొన్నిటిలో రీసెట్ వల్లే సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారిపోయి, అంతవరకూ బాగున్న డిస్క్ బూట్ అవడం మానేస్తుంది. అప్పుడు ఒక లోపం మీద ఇంకోటి చేరుతుంది.

ల్యాబ్‌బెంచ్
ఫొటో తీశాను. బూట్ వరుసలో మోడ్ నెట్‌వర్క్ 2, ఆర్డర్ ఎఫ్ అని ఉంది. కాసేపటికి మళ్లీ మొదలవుతోంది, మళ్లీ అదే. మోడ్ దగ్గర ఎస్‌డీ అని ఒక్కసారి కూడా రావడం లేదు. కేబుల్ పెట్టలేదు కాబట్టి నెట్ డౌన్ అంటోంది.

సీరియల్‌కన్సోల్
దొరికింది. బూట్ ఆర్డర్‌ని కుడి నుంచి ఎడమకి చదవాలి, ముందుండే 0ఎక్స్ హెక్స్ సంఖ్య అనే గుర్తు మాత్రమే. 1 అంటే ఎస్‌డీ, 2 నెట్‌వర్క్, 4 యూఎస్‌బీ, 6 ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్, ఎఫ్ అంటే మళ్లీ మొదటి నుంచి. పై 4కి ఫ్యాక్టరీ విలువ 0ఎక్స్ఎఫ్41: ముందు ఎస్‌డీ, తర్వాత యూఎస్‌బీ, రెండూ దొరక్కపోతే మళ్లీ మొదలు. మీ స్క్రీన్‌లో ఇప్పుడు నడుస్తున్న మోడ్ 2, ఇంకా మిగిలిన ఆర్డర్ ఎఫ్, అంటే మీ బోర్డులో ఎవరో 0ఎక్స్ఎఫ్2 పెట్టారు. నెట్‌వర్క్ తప్ప ఇంకేమీ చూడదు. కార్డులో ఎంత మంచి సిస్టమ్ ఉన్నా దానికి కనపడదు. మిగతా బోర్డుల్లో ఏముందో కూడా చూడండి, వీసీజెన్‌కమాండ్‌తో బూట్‌లోడర్ కాన్ఫిగ్ అడిగితే చెబుతుంది.

సర్వీస్‌బెంచ్_సికింద్రాబాద్
అంటే నేను చెప్పిన రీసెట్ మొదటే చేసి ఉంటే ఈపాటికి బోర్డు నడిచేది. ఇంకో మాట, ఈ బోర్డుని ఇప్పుడు మామూలు పద్ధతిలో సరిచేయలేరు. కాన్ఫిగ్ ఎడిట్ చేయాలంటే లైనక్స్‌లోకి వెళ్లాలి, లైనక్స్‌లోకి వెళ్లాలంటే కార్డు నుంచి బూట్ అవ్వాలి, అది కార్డు వైపే చూడదు. రికవరీ కార్డే తేలికైన దారి.

ల్యాబ్‌బెంచ్
మిగతావి చూశాను. చాలావాటిలో 0ఎక్స్ఎఫ్21 ఉంది. పోయిన సంవత్సరం నెట్‌వర్క్ బూట్ వర్క్‌షాప్ జరిగింది, అప్పుడు పెట్టి ఉంటారు. రెండు బోర్డుల్లో టీఎఫ్‌టీపీ ఐపీ (బూట్ ఫైళ్లు ఇచ్చే సర్వర్ అడ్రస్) అని ఒక లైన్ కూడా ఉంది. ఆ రెండూ డిస్క్ లేకుండా సర్వర్ నుంచే నడుస్తున్నాయి, వాటితోనే అటెండెన్స్ స్క్రీన్లు నడుస్తాయి.

సీరియల్‌కన్సోల్
మీ సీనియర్ సార్ చెప్పినట్టు అన్ని బోర్డులకూ రీసెట్ కొట్టి ఉంటే ఆ రెండూ ఆగిపోయేవి. 0ఎక్స్ఎఫ్41లో నెట్‌వర్కే లేదు, టీఎఫ్‌టీపీ అడ్రస్ కూడా చెరిగిపోయేది. బాగు చేయబోయిన బోర్డు ఒకటి, పాడయ్యేవి రెండు. ఆ అడ్రస్ ఎక్కడా రాసిపెట్టుకోకపోతే వర్క్‌షాప్ చేసినవాళ్లను వెతుక్కోవాల్సి వచ్చేది. నేను ముందు చదవండి అన్నది ఇందుకే.

ఆగిపోయిన బోర్డు విషయంలో సర్వీస్‌బెంచ్ గారి మాటే సరైనది, రికవరీ కార్డే తేలిక. అయితే డిఫాల్ట్ ఇమేజే (బూట్‌లోడర్ ఫైల్) పెట్టాలని లేదు. బాగున్న బోర్డులో ఆర్‌పీఐ ఈఈప్రామ్ కాన్ఫిగ్ టూల్‌తో మీకు కావలసిన ఆర్డర్ పెట్టి కొత్త ఇమేజ్ చేసుకోవచ్చు. ఈఈప్రామ్ డైజెస్ట్ టూల్‌తో దానికి సిగ్ ఫైల్ (ఇమేజ్ సరైనదో కాదో సరిచూసే ఫైల్) కూడా కొత్తగా చేయాలి, పాతది పెడితే రికవరీ ఒప్పుకోదు. ఆ రెండు ఫైళ్లనీ రికవరీ కార్డులో పాతవాటి స్థానంలో పెట్టండి. బూట్ యూఆర్ట్ 1 (బూట్‌లోడర్ సందేశాలను సీరియల్ పిన్నులకి పంపే సెట్టింగ్) కూడా ఆ ఇమేజ్‌లోనే పెడితే, ఇకముందు బూట్‌లోడర్ ఏం చేస్తోందో సీరియల్ కేబుల్ మీద 115200 స్పీడ్‌లో చదువుకోవచ్చు. కేబుల్ 3.3 వోల్టులదే వాడండి, 5 వోల్టులది పెడితే పిన్నులు పోతాయి.

సర్వీస్‌బెంచ్_సికింద్రాబాద్
ల్యాబ్‌కి కస్టమ్ ఇమేజ్ మంచిదే. నా దగ్గరకి వచ్చేవాటికి మాత్రం డిఫాల్టే పెడతాను. తర్వాత చూసేవాడికి కస్టమ్ ఆర్డర్ ఎందుకు పెట్టారో తెలియదు, ఇదిగో ఈ బోర్డులో జరిగింది అదే. ఫ్యాక్టరీ విలువ ఏమిటో అందరికీ తెలుసు. మానిటర్ వెలిగే బోర్డు అయితే ఇకనుంచి రీసెట్‌కి ముందు ఆ స్క్రీన్ ఫొటో తీసి బిల్లుకి జత చేస్తాను. అంతకుమించి ఒప్పుకోను.

చెరువుగట్టు_నోడ్
ఒక్క హెచ్చరిక. కంప్యూట్ మాడ్యూల్ 4 (పై 4కి చిన్న మాడ్యూల్ రూపం) వాడేవాళ్లు ఈ రికవరీ కార్డు మీద ఆధారపడకండి. దాని రోమ్ ఎస్‌డీ నుంచి గానీ ఈఎమ్ఎమ్‌సీ (బోర్డు మీదే ఉండే స్టోరేజీ) నుంచి గానీ రికవరీ ఫైల్ తీసుకోదు. జంపర్ పెట్టి, యూఎస్‌బీతో ఇంకో కంప్యూటర్‌కి కలిపి, ఆర్‌పీఐ బూట్ అనే ప్రోగ్రామ్ ద్వారానే రాయాలి. సైట్‌కి వెళ్లేటప్పుడు లాప్‌టాప్, కేబుల్ లేకుండా వెళ్తే అక్కడ చేయగలిగింది ఏమీ లేదు.

ల్యాబ్‌బెంచ్
సార్‌కి, మేడమ్‌కి ఈ ఫొటో చూపించాను. ఆగిపోయిన బోర్డుకి 0ఎక్స్ఎఫ్21తో ఇమేజ్ చేసి రికవరీ కార్డు పెడుతున్నాం. మిగతావాటి కాన్ఫిగ్ అంతా ఒక ఫైల్లో దాస్తున్నాం, బోర్డు నంబరుతో సహా. అన్నిటికీ రీసెట్ వద్దని సార్ ఒప్పుకున్నారు, కానీ కొత్త బ్యాచ్ వచ్చే ముందు ల్యాబ్ అంతా డిఫాల్ట్‌లో ఉండాలని ఇప్పటికీ అంటున్నారు. అటెండెన్స్ బోర్డులు రెండిటికీ ఈఈప్రామ్ రైట్ ప్రొటెక్ట్ (ఎవరూ మార్చి రాయకుండా తాళం) పెట్టొచ్చా? ఎవరైనా పెట్టి చూశారా?

సీరియల్‌కన్సోల్
పెట్టొచ్చు. రికవరీ కార్డులోని కాన్ఫిగ్ టెక్స్ట్ ఫైల్లో ఈఈప్రామ్ రైట్ ప్రొటెక్ట్ 1 అని రాయడమే కాదు, బోర్డు మీది టీపీ5 టెస్ట్ పాయింట్‌ని గ్రౌండ్‌కి కలపాలి. రెండూ ఉంటేనే పనిచేస్తుంది. కలిపాక రికవరీ కార్డు కూడా రాయలేదు కాబట్టి, ముందు సెట్టింగ్స్ అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, ఒకసారి పవర్ తీసి పెట్టి, సర్వర్ నుంచి బూట్ అయ్యాకే ఆ పని చేయండి.