50 షాట్ నైట్రస్‌కి ముందు పిస్టన్లా, రాడ్లా?

వేళచ్చేరి వీటెక్:
ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి మాత్రమే పోయే పాత హోండా సిటీ 1.5 వీటెక్. బోర్ 75, స్ట్రోక్ 84.5 మి.మీ., కంపెనీ లెక్క 106 హెచ్‌పీ. నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్‌తో పాటు అదనపు పెట్రోలు కూడా చిమ్మి 50 హెచ్‌పీ పెంచే వెట్ షాట్ ఎక్కించాలి. ఇంజన్ విప్పి ఉంది. ఫోర్జ్డ్ (సాగగొట్టి చేసిన) పిస్టన్లు, వాటిని క్రాంక్‌కి కలిపే ఫోర్జ్డ్ రాడ్లు రెండూ కొనే డబ్బు లేదు. ఏది ముందు?

పుదుప్పేట స్పానర్:
పిస్టన్లే. కంపెనీ పోత పిస్టన్‌కి నాకింగ్ (మిక్స్చర్ అదుపు తప్పి పేలడం) అంటే హడల్. గట్టిగా నాలుగు నాక్‌లు పడితే రింగుల మధ్య గట్టు పెళ్లలా ఊడొస్తుంది. ఫోర్జ్డ్ పిస్టన్లలో రెండు రకాలు. 4032 అల్యూమినియం అల్లాయ్‌లో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది, వేడికి తక్కువ ఉబ్బుతుంది, క్లియరెన్స్ బిగుతుగా పెట్టుకోవచ్చు. 2618లో సిలికాన్ దాదాపు ఉండదు. నాక్ తగిలితే పగలదు, సాగుతుంది. క్లియరెన్స్ ఎక్కువ కావాలి కాబట్టి చల్లగా ఉన్నప్పుడు టకటకమంటుంది. ట్రాక్ బండికి ఆ చప్పుడుతో ఏం పని? 2618 వేయండి.

బోర్‌గేజ్:
అన్నా, రాడ్ మీద పడే బరువు లెక్కేశారా? నైట్రస్ ఏ ఆర్‌పీఎంలో నొక్కినా అదే 50 హెచ్‌పీ. 3000 దగ్గర అది 119 న్యూటన్ మీటర్లు, 6000 దగ్గర అందులో సగం. కింద నొక్కితే ఇంజన్ సొంత టార్క్‌కి దరిదాపుల్లో ఇంకొకటి రాడ్ నెత్తిన కూర్చుంటుంది. వంగేది అక్కడే. రాడ్లు ముందు.

రింగ్‌ఫైల్:
మీ లెక్క మీకే అడ్డం తిరిగింది. 3000లో నొక్కకపోతే సరి. నైట్రస్‌ని రెండు ఆర్‌పీఎంల మధ్యే వదిలే విండో స్విచ్ 4000కి పెట్టండి, ఆర్‌పీఎం హద్దు దాటనివ్వని లిమిటర్‌కి 500 ముందే కట్ అయ్యేలా చూడండి. లిమిటర్ పెట్రోలు ఆపి నైట్రస్ ఆగకపోతే ఏ పిస్టనూ మిగలదు.

50 షాట్‌కి నా ఓటు రింగ్ గ్యాప్‌కే, అంటే పిస్టన్ రింగ్ రెండు కొనల మధ్య ఖాళీకే. పిస్టన్‌ని తిరగేసి, రింగ్‌ని బోర్‌లోకి 25 మి.మీ. తిన్నగా తోసి, ఫీలర్ గేజ్‌తో కొలవండి. టాప్ రింగ్ 0.40 మి.మీ., రెండోది 0.45. రెండోది బిగుతుగా ఉంటే మధ్యలో గ్యాస్ చిక్కుకుని టాప్ రింగ్ ఎగురుతుంది. ఒక కొననే ఆకురాయితో బయటి అంచు నుంచి లోపలికి అరగదీయండి, తర్వాత అంచున మిగిలిన గరుకు తీసేయండి. గ్యాప్ చాలకపోతే వేడికి రెండు కొనలూ గుద్దుకుంటాయి, టాప్ ల్యాండ్‌ని, అంటే టాప్ రింగ్ పైనున్న గట్టుని, పైకి లేపేస్తాయి. విప్పి చూసినవాళ్లు నాకింగ్ అనుకుంటారు. రింగ్ కొనలు అద్దంలా మెరుస్తుంటే తప్పు గ్యాప్‌దే.

పుదుప్పేట స్పానర్:
రింగ్ అరగదీస్తే నాక్ ఆగుతుందా?

రింగ్‌ఫైల్:
ఆగదు. దానికి స్పార్క్ టైమింగ్ కనీసం 2 డిగ్రీలు రిటార్డ్ (ఆలస్యం), ఒక మెట్టు చల్లటి ప్లగ్, అంటే ఎన్‌జీకేలో ఒక నంబర్ పైది. ఆపైన సీసా వేడి. మన మే ఎండకి డిక్కీలో ఉన్న సీసా 1000 పీఎస్ఐ దాటుతుంది. నైట్రస్ ఎక్కువ పోతుంది, పెట్రోల్ జెట్ (కొలత రంధ్రం) మాత్రం అదే, మిక్స్చర్ లీన్, అంటే పెట్రోలు చాలదు. 36.4 డిగ్రీలు దాటాక లోపల ద్రవమే ఉండదు, ఇక ఏ జెట్ చార్టూ పనిచేయదు. తడి గోనెపట్ట కప్పి 900–950 పీఎస్ఐకి దించాకే వాల్వ్ తెరవండి. ప్లగ్ పింగాణీ మీద మిరియప్పొడిలా మచ్చలు పడితే టైమింగ్ మరో డిగ్రీ రిటార్డ్ చేయండి. వెండి చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం, అక్కడితో ఆపేయండి.

బోర్‌గేజ్:
రాడ్ బోల్టులైనా మార్చండి.

వేళచ్చేరి వీటెక్:
సరే, గ్యాప్, స్విచ్, కొత్త బోల్టులు. బోల్టులు మాత్రం ఇంట్లోనే మార్చుకోవచ్చా?

బోర్‌గేజ్:
వద్దు. కొత్త బోల్ట్ బిగించాక బిగ్ ఎండ్ (క్రాంక్‌ని పట్టుకునే రాడ్ పెద్ద కన్ను) గుండ్రం తప్పొచ్చు. రాడ్లు లేత్ షాపులో ఇచ్చి కొలిపించండి, అవసరమైతే రీసైజ్ చేయించండి.