‘గస్తీ నిషాన్ తిర్‌పన్’ అంటే ఏమిటి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి చదువుతున్నాను. తెలంగాణ చరిత్రలో ‘గస్తీ నిషాన్ 53’ అని వస్తుంది. కోచింగ్ నోట్సులో ‘పోలీసు గస్తీ పెంచుతూ నిజాం ఇచ్చిన ఫర్మానా’ అని ఉంది. ఇంకో పుస్తకంలో ‘సభల మీద నిషేధం’ అని ఉంది. గస్తీకీ సభలకీ సంబంధం ఏమిటో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసిన పెద్దలు కాస్త చెప్పండి.

జవాబు: తమ్ముడూ, నీ నోట్సులో ఉన్నది పూర్తిగా తప్పు. పుస్తకంలో ఉన్నది సగం ఒప్పు. ముందు మాట సంగతి చూద్దాం.

‘గశ్తన్’ అంటే ఫార్సీలో తిరగడం. రాత్రిపూట లాఠీ పట్టుకుని వీధులు తిరిగే పోలీసు చేసేది అందుకే గస్తీ. మనకి ఈ ఒక్క అర్థమే మిగిలింది కాబట్టి నోట్సు రాసినాయన కూడా అదే అనుకున్నాడు. కానీ పై ఆఫీసులో బయల్దేరి కింద ఉన్న కచేరీలన్నీ చుట్టివచ్చే కాగితం కూడా గస్తీయే. హిందీలో ఇప్పటికీ ‘గశ్తీ చిట్ఠీ’ అంటారు. ఇంగ్లీషువాళ్ల ‘సర్క్యులర్’ వెనక ఉన్న ఊహ కూడా ఇదే, చుట్టూ తిరిగేది అని. ‘నిషాన్’ అంటే గుర్తు, ఇక్కడ కాగితం మీద వేసిన నంబరు. ‘తిర్‌పన్’ ఉర్దూలో 53. మొత్తం కలిపితే ‘సర్క్యులర్ నంబరు 53’. అంతకు మించి ఆ పేరులో ఏమీ లేదు. మన జిల్లా ఆఫీసుల్లో రోజూ వచ్చిపడే కాగితాల పేరు లాంటిదే.

ఆ చప్పటి పేరున్న కాగితమే 1920ల్లో హైదరాబాద్ సంస్థానంలో మనుషుల నోటికి తాళం వేసింది. ఎక్కడైనా సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. పుస్తకంలో ‘నిషేధం’ అన్నది సగమే ఒప్పు అని అందుకే అన్నాను. సభలు పెట్టొద్దని ఆ కాగితం చెప్పలేదు, అడిగి పెట్టుకోమంది. వద్దంటే ఎదురు తిరగొచ్చు. అడగమంటే మాత్రం అర్జీ రాయాలి, కచేరీ మెట్లెక్కాలి, గుమస్తా పిలిచేదాకా అరుగు మీద కూర్చోవాలి. జవాబు రాకపోతే దాన్ని కాదనాలో ఔననాలో కూడా తెలియదు. సభకు కార్డులు అచ్చు వేయించినవాడు, వేరే ఊరి నుంచి వక్తను పిలిచినవాడు, పందిరికి వాసాలు తెప్పించినవాడు, అందరూ ఆ ఒక్క కాగితం కోసం ఎదురు చూడాలి.

ఇందులో ఎంత బరువుందో తెలియాలంటే అప్పటి తెలుగు పరిస్థితి గుర్తుంచుకోవాలి. సంస్థానంలో దాదాపు సగం మంది మాట తెలుగు. కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో చదువు కూడా ఉర్దూలోనే. సర్కారు గడప లోపల ఎక్కడా తెలుగుకు కుర్చీ లేదు. మరి తెలుగు ఎక్కడ బతికింది? 1901లో హైదరాబాద్‌లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో పెట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం లాంటి చోట్ల బతికింది. నాలుగు బీరువాలు, ఒక బల్ల, పేపరు చదివేవాళ్లు, నెలకో రెండు నెలలకో ఒక ఉపన్యాసం. మనుషులు ఒకచోట కూడితేనే ఆ భాషకు గాలి ఆడేది. సభకు అనుమతి కావాలనడం అంటే ఆ గాలి గొట్టం మీద చెయ్యి పెట్టడమే.

పోనీ సొంత డబ్బుతో తెలుగు బడి పెట్టుకుందామా అంటే ‘ఖాన్గీ’ బడులకూ అనుమతి తీసుకోవాలి. ‘ఖాన్గీ’ మాట చూడండి. ఫార్సీలో ‘ఖానా’ అంటే ఇల్లు, ఖాన్గీ అంటే ఇంటిది, సొంతది. ఇంటిది అని పేరులోనే ఉన్నదానికి సర్కారు సెలవు కావాలి.

వ్యాఖ్య: మాది తూర్పుగోదావరి అండీ. మేము ‘నిషాన్’ అంటే జెండా అనుకున్నాం. 53 జెండాల మీద నిషేధమేమో అని మా నాన్నగారు అనేవారు.

జవాబు: మీ నాన్నగారి ఊహలో తప్పేం లేదండీ, జెండాకూ ఉర్దూలో ‘నిషాన్’ అంటారు. గుర్తు, ముద్ర, జెండా అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. మన వైపు దస్తావేజుల్లో ‘నిశాని’ అని చూసే ఉంటారు, అదే మాట. మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒక పాత క్రయపత్రం ఉంది. మడతల దగ్గర చిరిగి, పసుపుపచ్చగా అయిపోయింది. కింద ఒక ఇంటూ గుర్తు, దానికి అటో పేరు ఇటో పేరు, పక్కన ‘నిశాని’ అని రాసిన కరణం చేతిరాత. సంతకం రానివాడి గుర్తు కూడా నిషానే, సర్కారు కాగితం మీద నంబరు కూడా నిషానే. ఆ ఇంటూ గుర్తు పెట్టినాయన మా తాతకు తాత. తన పేరు తాను రాసుకోలేని మనిషి. ఆయన లాంటివాళ్లకు చదువు చెప్పడానికే కదా ఆ తెలుగు బడులు పెట్టాలనుకున్నది.

వ్యాఖ్య: సార్, అందరూ ‘ఫర్మానా’ అనే రాస్తున్నారు. గస్తీ, ఫర్మానా ఒకటే కాదా?

జవాబు: కాదమ్మా. ఫర్మానా పాలకుడి పేరు మీద వస్తుంది, ఇక్కడైతే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద. గస్తీ శాఖల నుంచి వచ్చే సర్క్యులర్. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ తేడాయే. లక్షల మంది నోరు తెరవాలా వద్దా అన్నది ఒక సర్క్యులర్ స్థాయి కాగితంలో తేల్చేశారు. పెద్ద అన్యాయాలన్నీ సింహాసనం మీద నుంచి గంభీరంగా వస్తాయనుకుంటాం. నంబరు వేసిన మామూలు కాగితంగానే ఎక్కువ వస్తాయి.

మిగతా మాటలు కూడా చెప్తాను, పనికొస్తాయి. ‘తాఖీదు’ అరబ్బీ మాట, నొక్కి చెప్పడం. ‘హుకుం’ ఆజ్ఞ. మన ‘ఉత్తర్వు’ ఎక్కడిది? ఉత్తరం అన్న మాటలోదే, అంటే బదులు. కింది నుంచి మనవి పోతే పై నుంచి వచ్చే బదులు ఉత్తర్వు. అడిగినవాడు ఒకడున్నాడన్న సంగతి ఆ మాట లోపల ఇంకా మిగిలి ఉంది. తాఖీదులో అడిగినవాడు లేడు.

ఇంకో మాట దగ్గర కాస్త ఆగుతాను, నాకు చాలా ఇష్టమైన మాట. ‘సెలవు’. అనుమతికీ సెలవే, వెళ్లొస్తామనడానికీ సెలవే, ఆదివారానికీ సెలవే. ‘దొరవారు సెలవిచ్చారు’ అంటే మాత్రం దొరవారు మాట్లాడారు అని అర్థం. పెద్దవాడు నోరు తెరిస్తేనే అది సెలవు ఇవ్వడం అయిపోతుంది. చిన్నవాడు నోరు తెరవాలంటే సెలవు పుచ్చుకోవాలి. గస్తీ 53 చేసింది ఇదే. మన భాషలో ముందు నుంచీ ఉన్న ఈ ఎక్కువ తక్కువలను ఒక నంబరు కిందకు తెచ్చి చట్టంలా నడిపింది.

వ్యాఖ్య: ఆ రోజుల్లో జనం ఏం చేశారు? ఊరుకున్నారా?

జవాబు: ఊరుకోలేదు. సంస్థానంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930 మార్చిలో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1931లో దేవరకొండలో రెండోది, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. ఈ గస్తీని రద్దు చేయాలని మహాసభ తీర్మానాలు చేసింది. ఒక్కసారి ఆ వేదిక మీద మీరు కూర్చున్నట్టు ఊహించుకోండి. అనుమతి అడిగే పద్ధతి పోవాలని తీర్మానం చేయడానికి కూడా అనుమతి తీసుకునే సభ పెట్టాలి. ఆ అర్జీ రాసిన చెయ్యి ఎంత బిగబట్టుకుని రాసి ఉంటుందో. వాళ్లు మెతక మనుషులనీ, వినతిపత్రాల మనుషులనీ తర్వాతి తరం కొంత చిన్నచూపు చూసింది. నేను ఒప్పుకోను. తలుపు మూసేసినప్పుడు రోజూ వెళ్లి తట్టడం చిన్న పని కాదు.

ఆ సర్కారు ఎంతదాకా పోయిందో చెప్పడానికి 1938 చాలు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను ఆ ఏడాది సెప్టెంబరులో నిషేధించారు. అప్పటికి ఆ సంస్థ ఇంకా లాంఛనంగా ఏర్పడనే లేదు. ‘ఆలు లేదు చూలు లేదు’ అంటామే, అలాంటి స్థితిలోనే బిడ్డకు సంకెళ్లు వేశారు. నిషేధం 1946 దాకా ఉంది. ఆ 1938లోనే ఉస్మానియా హాస్టల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటకు పంపారు. వాళ్లలో చాలామందికి నాగపూర్ యూనివర్సిటీ చోటిచ్చింది. పి.వి.నరసింహారావు ఆ పిల్లల్లో ఒకరు. ఊరు, భాష, ఇంటి తిండి అన్నీ వదిలి అంత దూరం పోయింది ఒక పాట పాడినందుకు.

వ్యాఖ్య: అన్నా, ‘జుల్మానా’ కూడా జులుం నుంచే వచ్చిందా? గుంజుకునే డబ్బు కాబట్టి?

జవాబు: అలా అనిపిస్తుంది కానీ కాదు. ఫార్సీలో అది ‘జుర్మానా’, జుర్మ్ అంటే నేరం. మన నోట్లో ర పోయి ల వచ్చింది. కన్నడంలో కూడా ‘జుల్మానె’ ఉంది కాబట్టి ఇది మనమొక్కళ్లం చేసిన మార్పు కాదు. జులుం అరబ్బీ ‘జుల్మ్’ నుంచి వచ్చిన వేరే మాట. కాకపోతే కట్టేవాడి చెవికి రెండూ ఒకటిగా వినపడ్డాయంటే నాకు ఆశ్చర్యం లేదు. పల్లెలో ఎవరినైనా అడిగి చూడండి, జుల్మానాలో జులుం ఉందనే చెప్తారు.

వ్యాఖ్య: ఒక నంబరు అంతగా జనం నోట్లో ఎలా నానిందో?

జవాబు: నంబర్లు మాటలు కావడం మనకు కొత్త కాదు. మోసగాడిని ‘ఫోర్ ట్వంటీ’ అంటాం. ‘ఊళ్లో 144 పెట్టారు’ అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు, నలుగురు ఒకచోట నిలబడకూడదు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో ఆ సెక్షన్ నంబరు 163 అయింది, అయినా జనం నోట్లో 144 పోలేదు. ఏ నంబరు మన మీద ఎక్కువసార్లు పడుతుందో అది తెలుగు మాట అయిపోతుంది. మా పెదనాన్న ‘తిర్‌పన్’ అని ఊరికే అనేవాడు, ముందూ వెనకా ఏ మాటా లేకుండా. ఉర్దూలో లెక్కపెట్టడం కూడా సరిగా రాని మనిషికి ఆ ఒక్క అంకె మాత్రం వచ్చు.

నా సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. మా ఊరి గ్రంథాలయానికి పాతికేళ్లు నిండాయని చిన్న సభ అనుకున్నాం. యాభై కుర్చీలు, ఒక మైకు, పిల్లలతో శతక పద్యాలు చదివించడం. మైకు పర్మిషన్ కోసం ఒక ఆఫీసుకు వెళ్తే అక్కడున్నాయన వక్తలు ఏం మాట్లాడతారో రాసివ్వమన్నాడు. పిల్లలు పద్యాలు చదువుతారు సార్ అన్నాను. ఏ పద్యాలో రాసివ్వండి అన్నాడు. బల్ల మీదే తెల్లకాగితం తీసుకుని పదకొండు పద్యాల మొదటి పాదాలు రాశాను. ఆయన చదవలేదు. కింద సంతకం ఉందో లేదో చూసి, స్టాంపు వేసి, మూల మీద ఎర్ర ఇంకుతో నంబరు వేశాడు. మూడుసార్లు తిరిగాక సభ ముందు రోజు సాయంత్రం అనుమతి వచ్చింది. పిల్లలు బాగా చదివారు. ఆ కాగితం జిరాక్సు ఇంకా నా దగ్గర ఉంది, నంబరు కనపడేలా మడత పెట్టి ఆ క్రయపత్రం పక్కనే పెట్టాను.

తమ్ముడూ, పరీక్షలో వస్తే ‘సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన సర్క్యులర్’ అని రాయి. మిగతావాళ్లలో ఎవరి ఇంట్లోనైనా పాత ఉర్దూ కాగితాల మీద ‘గస్తీ’ అని కనపడితే ఫొటో పెట్టండి. చదివిపెట్టే స్నేహితుడు ఒకాయన నాకు ఉన్నాడు.