కనపడనిదాన్ని తగిలించి సిద్ధాంతాన్ని నిలబెట్టడం సైన్సేనా?

అనుమానపక్షి:
గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు లెక్క ప్రకారం తిరగాల్సిన దానికన్నా వేగంగా తిరుగుతున్నాయి. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడాలో కొలిచి చూపించారు. అంతకు చాలా ముందే, 1933లో, ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గుంపులోని గెలాక్సీల వేగాలు చూసి ఇలాంటి మాటే అన్నాడు. ఇప్పుడేమనాలి? గురుత్వాకర్షణ లెక్క ఇక్కడ తప్పింది అనాలి. అలా అనకుండా, లెక్క ఒప్పే, కనపడని సరుకేదో ఉంది అన్నారు. పేరు డార్క్ మ్యాటర్. ఎంత ఉంది? లెక్క కుదరడానికి ఎంత కావాలో అంత. ఎక్కడుంది? ఎక్కడ కావాలో అక్కడ. జాతకం తప్పితే "పుట్టిన టైము సరిగా రాసుకోలేదు" అనే జ్యోతిష్కుడికీ వీళ్లకీ తేడా ఏమిటో ఎవరైనా చెప్పండి.

గుంటూరు ఘాటు:
పక్షి గారూ, మీ మాట వింటే నెప్ట్యూన్ దొరికేదే కాదు. యురేనస్ లెక్క ప్రకారం నడవట్లేదని కొన్ని దశాబ్దాలుగా తెలుసు. అవతల ఇంకో గ్రహం ఉండి లాగుతోందని పారిస్‌లో లెవెరియే లెక్కకట్టి, ఫలానా చోట చూడమని బెర్లిన్‌కి ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబర్ 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే గాలె టెలిస్కోపు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే గ్రహం దొరికింది. అదీ కనపడనిదాన్ని తగిలించడమే కదా?

ఇంకోటి మా ఊరిది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున జ్వాలల వెలుగుని రంగులుగా విడదీస్తే ఒక పసుపు గీత. ఒక్కో మూలకం వెలుగుకీ సొంత గీతలుంటాయి, ఇదేమో భూమ్మీద తెలిసిన ఏ మూలకంతోనూ కలవలేదు. కొత్త మూలకం అన్నారు, హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి దాన్ని బయటికి తీశాడు. గుంటూరులో పుట్టిన హీలియంని జ్యోతిష్యం అంటే మేం ఊరుకోం 🙂

లెక్కల మాస్టారు:
ఘాటు గారూ, గుంటూరు గొప్పకి లోటేం లేదు గానీ కథ కొంచెం సరిచేయాలి. ఆ రోజు మీ ఊళ్లోనే కాదు, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పాగ్సన్‌తో సహా చాలామంది ఆ గీతలు చూశారు. పసుపు గీతని ఎక్కువమంది సోడియందే అనుకున్నారు. అనుకోరా మరి, సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉంది. జాన్సెన్ అసలు ఘనత వేరు. గ్రహణం లేకపోయినా, పట్టపగలు, వర్ణపటదర్శినితో ఆ జ్వాలల్ని చూడొచ్చని మర్నాడే చూపించాడు. అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాకియర్ సొంతంగా అదే పని చేశాడు. గీత సోడియంది కాదని గట్టిగా పట్టుబట్టిందీ ఆయనే.

ఇక నెప్ట్యూన్. ఈ కథ చెప్పేవాళ్లు ఎప్పుడూ సగంలో ఆపేస్తారు. అదే లెవెరియే 1859లో బుధుడి కక్ష్యలో ఒక తేడా పట్టుకున్నాడు. నూరేళ్లకి 38 ఆర్క్ సెకన్లు అన్నాడు, తర్వాత న్యూకూంబ్ దాన్ని 43 చేశాడు. డిగ్రీలో నూరో వంతు కన్నా కాస్త ఎక్కువ, అదీ ఒక శతాబ్దంలో! అంత చిన్నదాన్ని కూడా పోనీలే అని వదల్లేదు. మందు మాత్రం పాతదే: సూర్యుడికి దగ్గర్లో ఇంకో గ్రహం, పేరు వల్కన్. లెస్కార్బో అనే ఒక పల్లెటూరి డాక్టరు చూశానని కూడా చెప్పాడు. దశాబ్దాల పాటు వెతికారు, లేదు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ తన కొత్త గురుత్వ సిద్ధాంతంతో లెక్కకడితే ఏ గ్రహమూ అక్కర్లేకుండా ఆ 43 వచ్చేసింది.

మనిషీ ఒక్కడే, పద్ధతీ ఒక్కటే. ఒకసారి గ్రహం దొరికింది, ఇంకోసారి సిద్ధాంతమే మారిపోయింది. లెక్క తప్పిన రోజున ఏది జరగబోతోందో ఎవరికీ తెలియదు.

అనుమానపక్షి:
మాస్టారూ, మీరు నా వైపా వాళ్ల వైపా? వల్కన్ నా వాదనే కదా! మీకు ఇంకోటి ఇస్తాను. హీలియం తర్వాతి ఏడాదే, 1869 గ్రహణంలో, సూర్యుడి కరోనాలో, అంటే చుట్టూ ఉండే పలచటి వాయువు పొరలో, ఒక ఆకుపచ్చ గీత దొరికింది. మళ్లీ అదే పాట: కొత్త మూలకం, కొరోనియం. మెండలీవ్ అంతటివాడు కూడా దానికి తన పట్టికలో హైడ్రోజన్ కన్నా ముందు చోటు వేశాడు. డెబ్బై ఏళ్లు బతికింది. చివరికి గ్రోట్రియన్, ఎడ్లెన్ తేల్చింది ఏమిటంటే, అది 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ఇనుము. నెగ్గిన హీలియం పాఠాల్లోకి ఎక్కింది, ఓడిన కొరోనియం మీలో ఎంతమందికి తెలుసు?

తోకచుక్క:
కొరోనియం మంచి ఉదాహరణే, కానీ అది మీ వైపు లేదు. 1913లో మోస్లీ ఎక్స్ రేలతో మూలకాలకి వరుస సంఖ్యలు కట్టాక, హైడ్రోజన్ 1, హీలియం 2 అయ్యాయి, ముందు గానీ మధ్యలో గానీ దూరడానికి సందు లేదు. అంటే కొరోనియం తప్పని తేలే దారి ఉంది, తేలింది కూడా. పైగా ఇనుము నుంచి 13 ఎలక్ట్రాన్లు ఊడాలంటే లక్షల డిగ్రీల వేడి కావాలి. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలైతే దాని పైనున్న కరోనా అంత వేడిగా ఎందుకుంది? ఇప్పటికీ బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న అలా బయటపడింది. జ్యోతిష్కుడి సాకులోంచి ఇలాంటిది ఎప్పుడైనా పుట్టిందా?

నా కొలబద్ద ఒకటే. తగిలించిన వస్తువు, దేనికోసం తగిలించారో అది కాక ఇంకేమైనా చెప్పాలి. బీటా క్షయంలో, అంటే పరమాణు కేంద్రకం ఎలక్ట్రాన్‌ని బయటికి విసిరేటప్పుడు, శక్తి లెక్క తగ్గుతుంటే బోర్ శక్తి నిత్యత్వ నియమాన్నే వదులుకోడానికి సిద్ధపడ్డాడు. పౌలీ 1930లో కనపడని కణం ఒకటి ఉందన్నాడు, దొరకదేమోనని ఆయనకే భయం. 1956లో కోవన్, రైన్స్ దక్షిణ కరొలైనాలో ఒక రియాక్టర్ పక్కన ఆ కణాన్నే, న్యూట్రినోని, పట్టుకున్నారు. డార్క్ మ్యాటర్ కూడా "ఎంత కావాలో అంత" కాదండీ. విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలి, నలుమూలల నుంచీ వచ్చే మైక్రోవేవ్ వెలుగులోని మచ్చలు కొలిస్తే, మామూలు పదార్థానికి అయిదింతలకు పైగా ఉండాలని వస్తుంది. గెలాక్సీ గుంపుల లెక్కా దాదాపు అక్కడికే వస్తుంది. 2006లో బుల్లెట్ క్లస్టర్ చూశారు. రెండు గెలాక్సీ గుంపులు ఢీకొంటే వేడి వాయువు మధ్యలో చిక్కుకుపోయింది, వెలుగుని వంచే బరువు మాత్రం ముందుకు వెళ్లిపోయింది. మామూలు పదార్థంలో ఎక్కువ భాగం ఆ వాయువే, అయినా బరువు అక్కడ లేదు.

అనుమానపక్షి:
1983లో మిల్‌గ్రోమ్ గురుత్వాన్నే కాస్త మార్చి, ఒక్క స్థిరాంకంతో బోలెడన్ని గెలాక్సీల వేగాలు సరిగ్గా చెప్పాడు, అది మర్చిపోయారు. మీ వాళ్లేమో అమెరికాలో పాత బంగారు గనిలో, కిలోమీటరున్నర లోతున, డార్క్ మ్యాటర్ కణాలు వచ్చి ఢీకొంటే పట్టుకుందామని 7 టన్నుల ద్రవ జెనాన్ పెట్టుకుని కూర్చున్నారు. ఏమీ పడలేదు. పడనప్పుడల్లా "ఇంకా అరుదుగా ఢీకొంటుందేమో" అంటారు. దీనికి అంతెక్కడ?

లెక్కల మాస్టారు:
మిల్‌గ్రోమ్ పద్ధతి గెలాక్సీలకి బాగా పనిచేస్తుంది, నిజమే. గెలాక్సీ గుంపుల దగ్గరికి వచ్చేసరికి వాళ్లకీ కనపడని బరువు కొంత కావాలి. అది మీరు చెప్పరు! కానీ "అంతెక్కడ" అన్న ప్రశ్న న్యాయమైనదే. తోకచుక్క గారు జవాబు చెప్పాలి.

తోకచుక్క:
చెప్తాను. ముందు ఒకటి. పడలేదనే కాదు, పడిందన్నవాళ్లనీ వదల్లేదు. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద డామా బృందం ఏళ్ల తరబడి సోడియం అయొడైడ్ స్ఫటికాల్లో ఏటా పెరిగి తగ్గే సంకేతం చూశామంటోంది. స్పెయిన్‌లో అనాయిస్, కొరియాలో కొసైన్ బృందాలు అవే స్ఫటికాలతో మళ్లీ చేశాయి. ఆ సంకేతం రాలేదు. డార్క్ మ్యాటర్ ఉందని నమ్మేవాళ్లే దాన్ని పక్కన పెట్టారు.

అనుమానపక్షి:
దానితో పోయింది డామా మాటే, డార్క్ మ్యాటర్ పోలేదు. ఏ డిటెక్టర్ సున్నా చూపిస్తే మీరు ఒప్పుకుంటారు? అది చెప్పండి.

తోకచుక్క:
జెనాన్ డిటెక్టర్లకి ఒక హద్దు ఉంది. ఇంకా సున్నితం చేస్తూ పోతే సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలే తగలడం మొదలవుతుంది. 2024లో జెనాన్ ఎన్‌టీ, పాండా ఎక్స్ బృందాలు ఆ ఛాయలు చూశామన్నాయి. ఆ న్యూట్రినో పొగమంచులోకి పూర్తిగా వెళ్లాక కూడా ఏమీ పడకపోతే, డార్క్ మ్యాటర్ ఇవే కావచ్చని ఈ డిటెక్టర్లు వెతుకుతున్న వింప్ అనే బరువైన కణాల మీద ఆశ నేను వదిలేస్తాను. మైక్రోవేవ్ మచ్చల లెక్క మాత్రం వదలను, దాన్ని డార్క్ మ్యాటర్ లేకుండా అంతే బాగా ఎవరైనా చెప్పేదాకా.

అనుమానపక్షి:
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.