గాలివాటం గెలుపా, వాటమైన గాలా?

నరసన్నపేట:
ఒక మాట మీద మీ అభిప్రాయాలు కావాలి. మాట "గాలివాటం". సందర్భం స్కీ జంపింగ్. నవ్వకండి. మన వైపు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లారేసరికి కళ్లాల మీద పడేదే. అయినా 2026 ఫిబ్రవరిలో ఇటలీలో మిలానో-కోర్టినా వింటర్ ఒలింపిక్స్ జరిగితే రాత్రుళ్లు మేలుకుని చూసినవాళ్లం మా వీధిలో నలుగురైదుగురం ఉన్నాం. ఇటలీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. వాళ్ల సాయంత్రం పోటీ మనకు అర్ధరాత్రికి తేలుతుంది.

స్కీ జంపింగ్ చూస్తూ మా బావమరిది ప్రతి పతకానికీ ఒకటే మాట: "గాలివాటం మెడల్". గాలి బాగున్నప్పుడు దూకినవాడు గెలిచాడు, లేనప్పుడు దూకినవాడు పోయాడు, ఇందులో ఆటేముంది అని వాడి వాదన. నేను ఒప్పుకోలేదు.

చూడనివాళ్ల కోసం ఆట సంగతి కొంచెం చెప్తాను. కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని పెద్ద కొండ మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో జారుకుంటూ వచ్చి, అంచు దగ్గర గాల్లోకి లేస్తారు. కే-పాయింట్ అని ఒక గీత ఉంటుంది. అక్కడ దిగితే 60 పాయింట్లు. దాటిన ప్రతి మీటరుకూ 1.8 కలుపుతారు, తగ్గితే అంతే కోస్తారు. కే-పాయింట్ 125 మీటర్లయితే, 130 దాకా వెళ్లినవాడికి 69 వస్తాయన్నమాట. ఒంటి తీరుకూ దిగిన పద్ధతికీ ఐదుగురు జడ్జీలు తలా 20 పాయింట్ల దాకా ఇస్తారు. వాటిలో పై మార్కు, కింది మార్కు తీసేసి మిగతా మూడూ కలుపుతారు. ఆ పైన గాలి లెక్క. గాలి కలిసొచ్చినవాడికి పాయింట్లు కోసి, దెబ్బతీసినవాడికి కలుపుతారు.

అసలు తమాషా ఇక్కడుంది. స్కీ జంపర్‌కి కలిసొచ్చేది ఎదురుగాలి! ఎదురుగా వీచే గాలి స్కీల కిందికి చేరి మనిషిని ఎత్తి పట్టుకుంటుంది. వెనకనుంచి వీచే గాలి నెత్తిన చెయ్యి పెట్టి నొక్కినట్టు తొందరగా దింపేస్తుంది. మనకేమో ఎన్నికలు రాగానే పేపర్లలో "ఫలానా పార్టీకి ఎదురుగాలి" అంటే ఓడిపోతారనే. అదే పేపరు స్కీ జంపింగ్ గురించి "నార్వే ఆటగాడికి ఎదురుగాలి" అని రాస్తే చదివేవాడు ఏమనుకోవాలి?

కాబట్టి అడిగేది ఇది. గాలివాటం అంటే గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోవడమా, లేక గాలి మన పనికి అనువుగా ఉండడమా? మొదటిదైతే మా బావమరిది మాట తిట్టు. రెండోదైతే ఆటలో అది ఒక భాగం, అంతే.

చీపురుపల్లి:
మొదటిదే. అసలు రూపం "గాలివాటు" అని నా అభిప్రాయం. పొరపడు-పొరపాటు, తడబడు-తడబాటు, అలవడు-అలవాటు చూడండి. గాలి + పాటు, పకారం వకారమై గాలివాటు. గాలికి పడడం, గాలి ఎటు పడేస్తే అటు పోవడం. జనం నోట్లో నలిగి "వాటం" అయింది. గాలివాటుగా వచ్చాడు, గాలివాటుగా గెలిచాడు అనేవి అలా వచ్చినవే. బళ్లో ముప్పయ్యేళ్లు గసడదవాదేశం చెప్పినవాణ్ణి, ఆ మాత్రం చనువు తీసుకుంటాను.

బొబ్బిలి:
మాస్టారూ, నమస్కారం. మీ వ్యాకరణం నాకు తెలీదు గానీ, వాటం లేకుండా మాకు రోజు గడవదు. స్లాబు మీద వాన నీళ్లు నిలవకూడదంటే వాటం పెట్టాలి. బాత్రూములో వాటం తప్పితే ఇంటావిడ మేస్త్రీని బతకనివ్వదు. మా దగ్గర వాటం అంటే వాలు. నీళ్లు పోవలసిన వైపుకి పోయేలా చెయ్యడం. నీళ్లు ఎటుపడితే అటు పోతే దాన్ని వాటం అనం, వాటం తప్పింది అంటాం.

నేనూ ఈ మంచు ఆటలు చూస్తాను, అయితే గాల్లోకి దూకేది కాదు, డౌన్‌హిల్, అంటే స్కీల మీద కొండ దిగే పరుగుపందెం. ఆస్ట్రియాలో కిట్స్‌బ్యూల్ అనే ఊళ్లో ఏటా జనవరిలో వరల్డ్ కప్ రేసు పెడతారు. ఆ కొండ వాలు పేరు స్ట్రైఫ్. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 860 మీటర్లు కిందికి దిగాలి. బాగా నిలువుగా ఉన్నచోట వాటం 85 శాతం. అంటే వంద అడుగులు ముందుకెళ్తే ఎనభై ఐదు అడుగులు దిగిపోతాం. అది విన్నప్పటినుంచి మా కుర్రాళ్లు ఫ్లోరింగులో వాటం ఎక్కువ పెడితే "ఏటిరా, స్ట్రైఫ్ కడుతున్నావా" అంటున్నాను.

కళింగపట్నం:
బొబ్బిలి అన్న చెప్పిందే రైటు. మా తాత తెరచాప పడవల కాలంవాడు. వేటకెళ్లే ముందు గాలివాటం చూసుకునేవాడు. గాలివాటం బాగుంది, బాగోలేదు అనేవాడు. గాలికి కొట్టుకుపోతే దాన్ని గాలివాటం అనేవాడు కాదు, దానికి వేరే మాటలున్నాయి, ఇక్కడ రాయకూడనివి. తెరచాపని ఏ పక్కకి తిప్పితే పడవ మన దారికొస్తుందో తెలిసినవాడికే గాలివాటం. తెలీనివాడికి ఒట్టి గాలే.

టెక్కలి:
అందరూ పెద్ద మాటలు చెప్తున్నారు. అయితే 2002 సాల్ట్ లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్ సంగతి ఏమంటారు? వెయ్యి మీటర్ల షార్ట్ ట్రాక్ స్కేటింగ్, అంటే చిన్న మంచు బరిలో గుండ్రంగా తిరిగే పరుగుపందెం, దాని ఫైనల్. ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవెన్ బ్రాడ్‌బరీ ఐదుగురిలో ఆఖరివాడు, చాలా వెనకబడి ఉన్నాడు. చివరి మలుపులో ముందున్న నలుగురూ ఒకరినొకరు తగులుకుని పడిపోయారు. ఈయన తీరిగ్గా వచ్చి గీత దాటాడు. బంగారం! వింటర్ ఒలింపిక్స్‌లో దక్షిణార్ధగోళానికే అది మొదటి బంగారం. అంతకుముందు క్వార్టర్ ఫైనల్లో మూడోవాడిగా వచ్చి, ముందున్న ఒకాయన్ని డిస్‌క్వాలిఫై చేస్తే పైకి వెళ్లాడు. సెమీస్‌లోనూ ముందువాళ్లు పడితేనే గట్టెక్కాడు. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ ఎవరైనా ఇలా గెలిస్తే "బ్రాడ్‌బరీ చేశాడు" అంటారట. ఇది గాలివాటం కాకపోతే మరేది?

చీపురుపల్లి:
దానికి మనకు వేరే మాటుంది బాబూ, కాకతాళీయం. కాకి వచ్చి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగాయి. కాకి పండును రాల్చలేదు. మీ బ్రాడ్‌బరీ ఆ నలుగురినీ పడెయ్యలేదు. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అనకండి, అది వేరు. ఆ ఎద్దుకి చేను ఎక్కడుందో తెలీదు, ఈయనకి గీత ఎక్కడుందో బాగా తెలుసు.

నరసన్నపేట:
మాస్టారూ, కాకతాళీయం కూడా పూర్తిగా అతకదు. ఆ కాకి అక్కడ ఎందుకు కాచుకుని ఉందో చూడాలి కదా. బ్రాడ్‌బరీ వెనక ఉండడం కావాలని చేసిన పనే. ముందున్నవాళ్లు తనకంటే వేగంగా పోతారని తెలుసు, ఒకరినొకరు తోసుకుంటారనీ తెలుసు. వాళ్లు పడినప్పుడు తను అందులో చిక్కుకోకుండా దూరంగా ఉన్నాడు. 1994లో ఒక పోటీలో స్కేట్ బ్లేడు తొడలో దిగి నాలుగు లీటర్ల రక్తం పోయింది, 111 కుట్లు పడ్డాయి. 2000లో మెడ ఎముక విరిగింది. ఈ పతకం ఆ ఒకటిన్నర నిమిషానికి కాదు, అంతకుముందు పడ్డ పదేళ్ల కష్టానికి తీసుకుంటున్నాను అన్న అర్థంలో ఆయనే చెప్పాడు. కళింగపట్నం తాత లెక్కలో చూస్తే ఇది అచ్చమైన గాలివాటం. గాలి ఎప్పుడో ఒకప్పుడు తిరుగుతుందని తెరచాప ఎత్తి కూర్చున్నాడు.

టెక్కలి:
ఒప్పుకోను. తెరచాప తిప్పేవాడు ఏదో ఒకటి చేస్తాడు. ఈయన ఏం చేశాడు? పడలేదు. అంతే.

నరసన్నపేట:
పడకపోవడమే సగం ఆట అక్కడ. మన ఆరిఫ్ ఖాన్‌నే తీసుకోండి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఒక్కడే ఆటగాడు, కశ్మీర్ కుర్రాడు. జెయింట్ స్లాలమ్ (జెండాల మధ్య మలుపులు తిరుగుతూ స్కీల మీద కొండ దిగే పందెం) రోజున మంచు జోరుగా కురుస్తోంది, ఎంతోమంది మధ్యలోనే పడిపోయి తప్పుకున్నారు. ఆరిఫ్ రెండు పరుగులూ నిలబడి పూర్తి చేసి 45వ స్థానంలో వచ్చాడు. ఆ స్థానాన్ని కూడా గాలివాటం అంటారా?

టెక్కలి:
మనవాడు గనక అనను. 😄

గజపతినగరం:
మాటల్లో మాట. గాలివాటం గురించి ఇంత గొడవ పడుతున్నారు, చేతివాటం సంగతి ఎవరూ ఎత్తరేం? ఎడమచేతి వాటం అంటే పుట్టుకతో వచ్చిన అనువు. ఒట్టి "చేతివాటం చూపించాడు" అంటే మాత్రం జేబు పోయినట్టే. ఒకే మాట, ముందు "ఎడమ" ఉంటే మర్యాద, లేకపోతే దొంగతనం.

మీ స్కీ జంపింగ్‌లోనే 2025 మార్చిలో ట్రాండ్‌హైమ్ ప్రపంచ పోటీల్లో నార్వే జట్టువాళ్లు ఏం చేశారు? దూకేటప్పుడు వేసుకునే సూట్లలో గట్టి దారం కుట్టారు. సూటు బిగువుగా నిలిస్తే గాలి ఎక్కువ పట్టుకుంటుంది, ఇంకొంచెం దూరం వెళ్లొచ్చు. దొరికిపోయాక కోచ్ ఒప్పుకున్నాడు. గాలివాటం కోసం చేతివాటం! మా అమ్మ కుట్టుమిషను మీదే మమ్మల్ని పెంచింది. ఆ వార్త చదివి వినిపిస్తే "ఆ కుట్టు ఎక్కడ వేశారే" అని అడిగిందే గానీ తప్పో ఒప్పో చెప్పలేదు.

2002 ఫిగర్ స్కేటింగ్ జంటల పోటీని కూడా ఇదే ఖాతాలో వేస్తాను. రష్యా జంటని ఐదుగురు జడ్జీలు, కెనడా జంటని నలుగురు మొదట నిలిపారు. తీరా చూస్తే ఫ్రాన్స్ జడ్జి, తన మీద ఒత్తిడి వచ్చిందని బయటపెట్టింది. చివరికి కెనడావాళ్లకి కూడా రెండో బంగారం ఇచ్చారు. జడ్జీలు 6.0కి మార్కులు వేసే పాత పద్ధతి ఆ తర్వాతే మూలపడింది.

చీపురుపల్లి:
సూట్ల సంగతి చేతివాటమే అమ్మా, కాదనను. జడ్జిది చేతివాటం కాదు, పక్షపాతం. ఆవిడ ఏదీ నొక్కెయ్యలేదు కదా.

గజపతినగరం:
పక్కవాళ్ల బంగారం నొక్కెయ్యలేదా మాస్టారూ?

రాజాం:
నేను విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాను, స్నోబోర్డింగ్ (రెండు కాళ్లూ ఒకే పలక మీద పెట్టి మంచు మీద జారే ఆట) పిచ్చి, టీవీలో మాత్రమే. అందులో ఎడమ కాలు ముందుపెట్టి నిలబడేవాళ్లని రెగ్యులర్ అంటారు, కుడికాలు ముందుపెట్టేవాళ్లని గూఫీ అంటారు. గూఫీ అంటే వెర్రిబాగుల అన్నట్టు ఉంటుంది, నాకు నచ్చదు. తెలుగులో కుడికాలి వాటం, ఎడమకాలి వాటం అంటే ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ఏ కాలు ముందు అన్నది కూడా కలపాలి, లేకపోతే తికమక.

ఇంకొకటి, ఈ గొడవకి సంబంధం లేదు గానీ చెప్తాను. స్కీల అడుగున మైనం రాస్తారు. ఫ్లోరిన్ కలిపిన మైనం రాస్తే బాగా జారతాయి. అది ఒంటికీ నేలకీ మంచిది కాదని 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ పోటీల్లో పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు స్కీలను పరీక్ష చేసి మరీ పంపిస్తున్నారు.

చీపురుపల్లి:
కాళ్లకి లేపం రాసుకుని మంచుకొండ మీదికి వెళ్లినవాళ్లలో మన ప్రవరుడే మొదటివాడు. వెళ్లడం క్షణంలో వెళ్లాడు, మంచు తగిలి లేపం కరిగిపోయేసరికి తిరిగిరాలేక చిక్కుబడ్డాడు. ఇప్పటి పోటీలైతే బయల్దేరేచోటే ఆపేసేవారు. వరూధినికి పని లేకపోయేది.

నరసన్నపేట:
మాస్టారూ, నవ్వి నవ్వి చచ్చాను. మళ్లీ గాలి దగ్గరికి వద్దాం.

నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తున్నది ఇది. గాలివాటు అంటే గాలికి పడి పోవడమే అయితే, వెనకనుంచి తోసే గాలే గాలివాటు కావాలి. స్కీ జంపర్‌కి అది చెరుపు. అదే "వాటం" అంటే అనువు అనుకుంటే, పడవకి వెనకగాలి వాటం, జంపర్‌కి ఎదురుగాలి వాటం. దిక్కు మారినా మాట చెల్లుతుంది. గాలిపటం ఎగరాలన్నా దానికి ఎదురుగాలే వాటం. కాబట్టి రెండు మాటలూ వేరువేరుగా ఉండి ఉంటాయి. గాలివాటుగా వచ్చినవాడు ఒకడు, గాలివాటం చూసుకుని దూకినవాడు ఒకడు. మనం రెంటినీ కలిపేసి రెండోవాణ్ణి కూడా తిడుతున్నాం.

అలాగని మా బావమరిదిని పూర్తిగా కొట్టిపారెయ్యను. జంపర్ పైన అడ్డకమ్మీ మీద కూర్చుని ఉంటాడు. గాలి హద్దు మీరితే లైటు మారుతుంది, వెనక్కి జరిగి ఆగాలి. అనువుగా ఉందనుకున్నప్పుడు కింద నిలబడిన కోచ్ జెండా ఊపుతాడు. వాటం చూడడం అంటే ఆ జెండాయే. కానీ జంపర్ గాల్లో ఉన్న ఆ కొద్ది సెకన్లలో గాలి మళ్లీ మారొచ్చు. కొండ పొడవునా కొన్నిచోట్ల కొలిచిన గాలిని బట్టి పాయింట్లు లెక్కిస్తారు గానీ, సరిగ్గా ఆ మనిషి స్కీల కింద ఏ గాలి ఉందో ఎవరు కొలవగలరు? పైగా రెండో రౌండులో మొదటి రౌండు లీడర్ అందరికంటే చివర దూకాలి. అప్పటికి గాలి ఎలా ఉంటే అలా. అక్కడ మా బావమరిది "గాలివాటు" అంటే నోరు మూసుకుంటాను.

కళింగపట్నం:
చివర దూకేవాడి బాధ మాకు తెలుసు. అందరూ ఒడ్డుకి చేరాక వచ్చే పడవ లాంటిది.

టెక్కలి:
అయితే ఆ గాలి లెక్కకి తెలుగు మాట ఏమిటి? స్కోరు బోర్డు మీద దూరం, స్టైలు, గేటు (బయల్దేరే అడ్డకమ్మీ ఎంత ఎత్తులో ఉందన్న లెక్క), గాలి అని నాలుగు అంకెలు పడతాయి. నాలుగోదాన్ని గాలి పరిహారం అంటే తుపాను నష్టపరిహారంలా ఉంది. మన జిల్లాలో ఆ మాట వింటే జనం తహసీల్దార్ ఆఫీసుకి బయల్దేరతారు.

రాజాం:
గాలి సవరణ?

బొబ్బిలి:
సవరణ అంటే ఓటర్ల జాబితా గుర్తొస్తోంది. పని అయ్యాక నీళ్లు పోసి చూసి, ఎక్కడ నిలిస్తే అక్కడ వాటం సర్దుతాం మేము. వాటం సర్దుబాటు అనండి, మా మేస్త్రీలందరికీ అర్థమవుతుంది.

చీపురుపల్లి:
అనండి, బాగుంది. కాకపోతే ఆ సర్దుబాటులో ఉన్నది కూడా "పాటు"యే బొబ్బిలిగారూ.